షెడ్డు లేని ఊరిలో చిన్నబండి సంరక్షణ

(కలిదిండిలో గ్రామపంచాయతీ సభ్యుల సమావేశమున చేసిన ప్రసంగ పాఠము)



గ్రామములు తిరుగుచున్నప్పుడు పంచాయతీ సభ్యులు మమ్ములను అడుగు ప్రశ్నలలో ఒకటి చూపునకు చాల చిన్నది. ‘అయ్యా, బండి వచ్చినది, పెట్టుటకు చోటు లేదు. షెడ్డు కట్టుదమన్న సొమ్ము లేదు. సొమ్మున్న చోట స్థలము లేదు. వానలు దగ్గరపడుచున్నవి. ఏమి చేయమందురు?’ అని వారడుగుదురు. షెడ్డు మంజూరగువరకు ఓపికపట్టుడని చెప్పి వచ్చుట సులభమే. కాని కొల్లేటి చుట్టుపట్ల ఇనుము ఓపికపట్టదు. అందుచేత షెడ్డు లేకయే చిన్నబండిని ఒక వానకాలము, ఒక తుఫాను కాలము ఎట్లు గడపవలెనో ఈ దినమున మీతో ముచ్చటింపదలచినాము.

ఏ బండిని గురించి మాటలాడుచున్నామో ముందుగా చెప్పవలెను. పెద్ద ట్రాక్టరును గురించి కాదు. దానిని గల రైతు దానికొక చావడి వేసికొనకమానడు. మేము చెప్పునది తేలికయైన బండి: ఉక్కు గొట్టములను అతికిన చట్రము, దానిపై పలుచని రేకో గాజునారయో తొడిగిన పైభాగము, చిన్న ఇంజనో విద్యుత్ మోటారో, మూడు లేక నాలుగు చిన్న చక్రములు. చెత్త సేకరణకై పంచాయతీలకు వచ్చిన త్రొక్కుడు బండ్లు, విద్యుత్ ఆటోలు ఈ జాతివే. చెరువులకు మేత చేరవేయుటకు మోటారు సైకిలు ముందుభాగమునకు వెనుక తొట్టి అతికి కూర్చుకొనుచున్న బండ్లును ఈ జాతివే. ఇంజనీరింగు చదువు విద్యార్థులు పోటీలకొరకు స్వహస్తములతో కూర్చు చిన్నకార్లును ఇట్టివే. 2007 నుండి మన దేశమున విద్యార్థులకు ‘బాహా’ అను పోటీ జరుగుచున్నది. పోటీ ముగిసిన పిదప ఆ బండి ఏ చెట్టుక్రిందనో చేరును.

విడిభాగములను కొనితెచ్చి ఇంటివద్దనే కారు కూర్చుకొను అలవాటు ఇంగ్లండున బాగుగా ప్రబలినది. 1957లో లోటస్ సంస్థవారు సెవెన్ అను చిన్నకారును విడిభాగముల మూటగా అమ్మజొచ్చిరి. పూర్తిగా తయారైన కారుపై నుండిన కొనుగోలు పన్ను ఆ మూటకు లేకపోవుటచేత సామాన్యుడు దానిని కొని, సెలవుదినములలో తానే బిగించుకొనెడివాడు. 1973లో పన్నుల పద్ధతి మారుటతో ఆ లాభము పోయినను ఆ కారు పోలేదు. కేటర్‌హామ్ అను మరియొక సంస్థ దానిని చేపట్టినది. మన దేశమునను 1982లో బెంగుళూరునుండి సిపాని వారి డాల్ఫిన్ అను గాజునార కారు వెలువడినది. మన తెలుగువారిలో కన్యబోయిన సుధాకరుగారు పాత సామానులతో చిత్రవిచిత్రములైన కార్లను స్వయముగా కూర్చి, 2010లో హైదరాబాదున బహదూరుపురమునందు ప్రదర్శనశాలనే తెరచినారు. అయితే ఆ కార్లు చక్కని కప్పుక్రింద నున్నవి. మన బండ్లకు ఆ యోగము లేదు గనుకనే ఈ ప్రసంగము.

ఇట్లు కూర్చిన బండికిని, పెద్ద కర్మాగారమునుండి వచ్చిన కారునకును భేదమొకటి కలదు. కర్మాగారమున కారు మేనునంతటిని రంగుతొట్టిలో ముంచి, విద్యుత్తు సహాయముతో మూలమూలలకు పూత పట్టింతురు. కూర్చిన బండి చట్రమునకు అతుకు పని అయిన పిమ్మట పైపైని ఒక పూత రెడాక్సైడు, దానిమీద ఒక పూత రంగు మాత్రమే పడును. గొట్టముల లోపలికి కుంచె పోదు. అతుకుల ప్రక్కన రంగు సరిగా అంటదు. అల్యూమినియపు రేకును ఉక్కు గొట్టమునకు మరలతో బిగించిన చోట ఉప్పునీరు చేరినచో ఆ రెండు లోహముల నడుమ సన్నని విద్యుత్ప్రవాహము పుట్టి, రేకు తెల్లని పొడియై రాలును. గాజునార బండియైనచో మరింత మోసము. పైభాగము త్రుప్పు పట్టదు గనుక చూచువారికి క్రొత్తదివలెనే యుండును. లోపల చట్రము చీకినది ఏ గుంతలోనో చక్రము పడినప్పుడుగాని తెలియదు.

ఇక మన నేల సంగతి చూతము. కలిదిండి 2022 ఏప్రిలు 4వ తేదీన కృష్ణాజిల్లానుండి ఏలూరు జిల్లాకు మారినది. జిల్లా మారినంత మాత్రమున గాలి మారలేదు. ఒక వైపు కొల్లేరు, మరియొక వైపు ఉప్పుటేరు, చుట్టును చేపల చెరువులు, రొయ్యల చెరువులు. సముద్రపు పోటు ఉప్పుటేరు వెంబడి పైకి వచ్చును. గాలిలో తేమ నూటికి 60 పాళ్లు దాటినచో ఇనుమునకు త్రుప్పు త్వరగా పట్టునని శాస్త్రజ్ఞులు చెప్పుదురు. ఉప్పుపొర అంటిన ఇనుమునకు అంత తేమయు అక్కరలేదు, ఉప్పు తానే గాలిలోని తేమను పీల్చుకొనును. మన ప్రాంతమున సంవత్సరములో అధికభాగము తెల్లవారుజామున ఈ తేమ ఉండనే ఉండును. రాజరాజనరేంద్రుని కలిదిండి శాసనము రాగిరేకులమీద నుండుటచేతనే ఇంచుమించు వేయేండ్లు నిలిచినది. ఇనుపరేకులమీద చెక్కించియుండినచో చరిత్రకారులకు మిగులునది త్రుప్పుపొడియే.

అందుచేత మొదట ఒక అపోహను తొలగింపవలెను. బండిని చెరచునది వాన అని మనము తలంచుచున్నాము. పైన పడి, జారిపోయి, ఎండకు ఆరిపోవు వాన బండినంతగా చెరపదు. పోవుటకు త్రోవలేక నిలిచిన తేమ, దానితో కలిసిన ఉప్పు, ఈ రెండే చెరచును. ఒక పంచాయతీవారు, ఊరి పేరు అక్కరలేదు, తమ చెత్తబండిని కాపాడవలెనని రొయ్యల చెరువులో పరచు నల్లని పరదాను తెచ్చి, తలనుండి చక్రములవరకు చుట్టి, త్రాళ్లతో బిగించి కట్టిరి. జూనులో కట్టిన దానిని అక్టోబరువరకు విప్పలేదు. పగలు నేలలోని చెమ్మ ఆవిరియై పరదాలోపలికి లేచినది. రాత్రి చల్లబడి పరదా లోపలిప్రక్కను నీటిబొట్లు కట్టినది. తెల్లవారుజామున ఆ బొట్లు బండిమీద రాలినవి. ప్రతిదినమును ఇట్లే జరిగినది. విప్పినప్పుడు బ్రేకులు పట్టుకొని చక్రము తిరుగలేదు, తొట్టి అడుగు వ్రేలితో పొడిచిన చిల్లిపడినది. అదే ఊరిలో ఒక రైతు తన మేతబండిని తాటాకు పాకలో, మూడు ప్రక్కల తెరచిపెట్టి, ఏ పరదాయు లేకుండ ఉంచినాడు. దానికి చక్రపు మరలవద్ద మాత్రమే కొంచెము త్రుప్పు కనిపించినది.

ఆ చెత్తబండి చెడుటవలన నష్టపడినది ఎవరు? పంచాయతీ లెక్కలలో కొంత సొమ్ము పోయినది; అది ఒక నష్టము. కాని బండి మరమ్మతగువరకు ఆ ఊరి పారిశుద్ధ్య కార్మికురాలు తట్టలతో చెత్త మోసినది. వీధి చివరి ఇండ్లకు ఆమె చేరలేకపోయినది. ఆ ఇండ్లవారు చెత్తను మురుగుకాలువలో వేయజొచ్చిరి. కాలువ పూడినది, నీరు నిలిచినది, దోమలు హెచ్చినవి. నాలుగు గజముల పరదాను ఎట్లు కట్టవలెనో తెలియకపోవుటవలన ఇంత జరిగినది.

కావున మొదట నేల కుదుర్చుడు. కప్పును గురించి అందరును ఆలోచింతురు, నేలను గురించి ఎవరును ఆలోచింపరు. మన బంకనేల వానకాలమంతయు చెమ్మను పట్టియుంచును. గడ్డిమీద నిలిపిన బండి రాత్రియంతయు ఆవిరి పీల్చును. పంచాయతీ ఆవరణలో అన్నిటికంటె మెరకైన చోటు చూడుడు. ఊరిలో నీరు నిలిచిన ఆనవాలు బడిగోడమీదనో, కోవెల అరుగుమీదనో ఉండును. వృద్ధులను అడిగిన చూపింతురు. ఆ ఆనవాలుకంటె ఒక అడుగైనను ఎత్తుగా బుసక పోయించి త్రొక్కింపుడు. ఆ బుసక ఉప్పుటేటి ముఖమునుండిగాని, సముద్రపు ఒడ్డునుండిగాని తెచ్చినది కాకూడదు. ఉప్పిసుక ఎన్నడును ఆరదు. బుసకపైన మందమైన ప్లాస్టికు కాగితము పరచి, దానిమీద కడప పలకలో సిమెంటు పలకలో పేర్పింపుడు. ప్లాస్టికు కాగితముండుటచేత క్రింది చెమ్మ పైకి రాదు. ఇందులో వ్యయము స్వల్పము, ప్రయోజనము అధికము. దీనిని మాత్రము మానవలదని మా మనవి. చిన్నబండికి 14 అడుగుల పొడవు, 9 అడుగుల వెడల్పు గల అరుగు చాలును. ఒక ప్రక్కకు కొంచెము వాలు ఉండవలెను.

కొబ్బరిచెట్టు క్రింద మాత్రము ఈ అరుగు వేయవలదు. నీడకొరకు ఆశపడి అట్లు చేయుట మన ఊళ్లలో సాధారణము. కాయ పడినచో గాజునార పగులును, మట్ట పడినచో రేకు సొట్టపోవును. పక్షుల రెట్ట రంగును తినివేయును. కాలువగట్టుమీదను, మురుగుకాలువ పోరంబోకుమీదను కూడ వేయరాదు. కాలువలో పూడిక తీయుటకు యంత్రము వచ్చినప్పుడు మొదట కూలునది ఆ పాకయే.

ఇప్పుడు కప్పు. తాటాకు పాకను చులుకనగా చూడకుడు. ఇనుపరేకు రాత్రి చల్లబడి తెల్లవారుజామున చెమటపట్టి బొట్లు రాల్చును, తాటాకు రాల్చదు. ఎండవేళ రేకుక్రింద నున్నంత వేడి తాటాకుక్రింద నుండదు గనుక టైర్లు, వైర్ల తొడుగులు పగులక నిలుచును. ఆరు గుంజలు, నడుమ ఒక దూలము, వాసములు, తాటాకు, వీటితో ఊరిలోని పనివారే రెండు దినములలో వేయగలరు. చూరు బాగుగా క్రిందికి దిగవలెను. పడమటి, నైరృతి మూలల తడిక కట్టుడు. నైరృతి ఋతుపవనపు జల్లు అటనుండి కొట్టును. అక్టోబరు వచ్చిన పిమ్మట ఆ తడికను విప్పి ఈశాన్యమునకు మార్చుడు. తక్కిన ప్రక్కలు తెరచియే యుండవలెను. నాలుగు ప్రక్కల తడిక కట్టి తలుపు పెట్టుదమని కొందరు ముచ్చటపడుదురు. దొంగల భయమున్నచో చక్రమునకు గొలుసు వేసి పాతిన గుంజకు తాళము వేయుడు. గాలిని మాత్రము ఆపవలదు.

తాటాకునకు దోషములు లేకపోలేదు. అగ్గి భయమున్నది, ఎలుకల భయమున్నది. విద్యుత్ బండిని తాటాకు పాకలో ఛార్జి చేయరాదు. ఈ మాట గట్టిగా చెప్పుచున్నాము. ఛార్జి చేయవలసిన దినమున బండిని బయటికి తెచ్చి, సిమెంటు గోడ ప్రక్కన, మనిషి చూచుచుండగా చేయవలెను. రేకులే వేయదలచినవారు రేకుల క్రింద తాటాకు చాపలు కట్టినచో బొట్లు బండిమీద పడవు.

పాకకు కూడ అవకాశము లేనిచోట పరదాయే గతి. పరదా బండిని తాకకూడదు. నాలుగైదు వెదురు బద్దలను విల్లులవలె వంచి, బండికి అడుగెత్తున నిలిపి, వాటిమీద పరదా వేయుడు. గూడుబండికి మన పెద్దలు కట్టిన గూడు ఇట్టిదే గదా. ముందువెనుకలు తెరచియుంచి, అంచులు నేలకు జానెడెత్తున ఆపుడు. తెరచిన కొసలకు చెరువులమీద కట్టు పక్షుల వల కట్టినచో కుక్కలు, కోళ్లు లోపల చేరవు. వారమునకొకమారు, ఎండ కాచిన దినమున, పరదాను పూర్తిగా తీసి మధ్యాహ్నమంతయు ఆరనిండు.

చాల పంచాయతీలలో చెత్తనుండి సంపద తయారుచేయు కేంద్రములకు రేకుల షెడ్డులున్నవి. బండిని అచ్చటనే పెట్టరాదా అని మీరడుగుదురు. పెట్టవచ్చును; కాని ఎరువు కుప్పల దాపున కాదు. క్రుళ్లుచున్న ఎరువునుండి వెచ్చని తేమయు, ఘాటైన వాయువును వెలువడును. అవి రాగితీగలను, ఇత్తడి బిళ్లలను నల్లబరచును. గాలి వచ్చు వైపున, కుప్పలకు దూరముగా ఒక మూలను బండికై గీత గీసి ప్రత్యేకింపుడు.

బండిని నిలుపుటకు ముందు చేయవలసిన పనులు కొన్ని కలవు. మంచినీటితో, ముఖ్యముగా అడుగుభాగమును, చక్రపు గూళ్లను కడుగవలెను. చెరువులో తోలిన బండిని ఆ చెరువునీటితోనే కడుగుట మేము కన్నులార చూచినాము! రొయ్యల చెరువు నీటిలో ఉప్పుండును. ఆ కడుగుట కడుగుట కాదు. కడిగిన బండిని ఒక దినము ఎండలో ఆరనిచ్చి, త్రుప్పు మరకలను ఉప్పుకాగితముతో గీకి రెడాక్సైడు పూసి, ఆరిన పిమ్మట రంగు వేయుడు. చట్రపు గొట్టములకు అడుగున నీరు కారుటకు రంధ్రములున్నవేమో చూడుడు, ఉన్నచో పుల్లతో బురద తీయుడు. మరలకు, గొలుసునకు, కీలులకు గ్రీజు పట్టింపుడు. వాడి పారవేసిన ఇంజను నూనెను అడుగున పూయుట కొందరి అలవాటు. అది బ్రేకుమీద పడిన బ్రేకు పట్టదు. నేలమీద కారిన చెరువులోనికి పోవును. దానిని మేము మెచ్చము.

బండిని దిమ్మెలమీద ఎత్తినచో టైర్లు ఒకేచోట నలగవు. దిమ్మె అనగా ఇటుకలు కాదు. ఇటుక చెప్పక పగులును. తాటి మొద్దును కోయించి నాలుగు దిమ్మెలు చేయింపుడు. ఎత్తిన బండిక్రింద ఎవరును పడుకొని పని చేయరాదు. పిల్లలను దాపునకు రానీయరాదు. చేతిబ్రేకు వేసి నెలలు ఉంచినచో అది పట్టుకొనిపోవును. దానిని వదలి, చక్రములకు ముందువెనుకల చెక్కముక్కలు పెట్టుడు.

పెట్రోలు విషయమున ఇదివరకటి సలహా ఇప్పుడు పూర్తిగా చెల్లదు. టాంకు నిండుగా నింపినచో లోపల చెమ్మ పట్టదని పూర్వము చెప్పెడివారు. ఇప్పుడు మనకు వచ్చు పెట్రోలులో నూటికి 20 పాళ్లవరకు ఇథనాలు కలియుచున్నది. ఇథనాలు గాలిలోని నీటిని పీల్చును. నీరు హెచ్చినప్పుడు రెండును కలిసి అడుగునకు దిగి ఇనుపటాంకును, కార్బురేటరును చెరచును. కావున నాలుగు వారములైతే నిండుగా ఉంచుడు. రెండుమూడు నెలలు దాటునని తోచినచో పెట్రోలు తీసివేసి, ఇంజను దానంతట ఆగువరకు నడిపి, కార్బురేటరును ఎండబెట్టుడు. తీసిన పెట్రోలును ఇంటిలో దాచవలదు. వేరొక బండిలో పోసి వాడివేయుడు. వారమునకొకసారి ఐదు నిమిషములు ఇంజను త్రిప్పి ఆపు అలవాటు కూడ మంచిది కాదు. ఇంజను పూర్తిగా వేడెక్కకముందే ఆపినచో పొగగొట్టములో నీరు మిగిలి లోపలినుండి తినును. త్రిప్పినచో అరగంట రోడ్డుమీద నడపుడు, లేనిచో ముట్టవలదు.

బ్యాటరీకి వేరే విధులున్నవి. సీసపు బ్యాటరీని విప్పి, ఇంటిలో పొడిచోట చెక్కమీద ఉంచి, నెలకొకమారు ఛార్జి చేయింపుడు. వేడికి అది దానంతట అదే ఖాళీయగును. ఖాళీగా పడియున్న సీసపు బ్యాటరీ లోపలి పలకలు గట్టిపడి మరల కోలుకొనవు. లిథియం బ్యాటరీని నిండుగను కాదు, ఖాళీగను కాదు, సగము ఛార్జితో చల్లని చోట ఉంచవలెను.

ఎలుకలను గురించి నవ్వుటకు వీలు లేదు. మేత మోసిన తొట్టిలో తవుడు, చెక్క పొట్టు మిగిలియున్నంతకాలము పందికొక్కు వచ్చును. అది తవుడుతో ఆగదు, వైర్లను కొరుకును. పొగగొట్టములో గూడు పెట్టును. పందికొక్కు వెంట పాము వచ్చును. తొట్టిని ఊడ్చి కడుగుడు. ఖాళీ గోనెసంచులను బండిలో దాచకుడు. పొగగొట్టమునకును, గాలి రంధ్రమునకును సన్నని తీగెవల కట్టి, అట్లు కట్టినట్లు స్టీరింగునకు ఒక చీటీ వ్రేలాడదీయుడు; బండి తీయువాడు మరువకుండుటకు. చాలకాలమునకు బండిలో కూర్చుండబోవువారు మొదట కఱ్ఱతో ఆసనముక్రింద కదపవలెను.

ఇక వరదలు, గాలివానలు. బుడమేరు, తమ్మిలేరు మొదలగు ఏరులు తెచ్చిన నీరంతయు కొల్లేట చేరి, ఉప్పుటేటి వెంబడియే సముద్రమునకు పోవలెను. 2024 సెప్టెంబరు మొదటి దినములలో బుడమేరు పొంగి విజయవాడను ముంచినప్పుడు ఆ నీరు మనవైపునకే వచ్చినది. కొల్లేటి నీరు సాధారణముగా ఒక్క రాత్రిలో మీదపడదు, నిదానముగా పెరుగును. ఆ వ్యవధియే మనకు మేలు. నీరు పెరుగునప్పుడు బండిని ఏ మెరకకు చేర్చవలెనో, ఎవరు చేర్చవలెనో జూను నెలకు ముందే తీర్మానమున వ్రాసికొనుడు. అందరును రోడ్డుగట్టుమీదికే తెచ్చినచో సహాయపు వాహనములకు త్రోవయుండదు. అందుచేత ఏ బండి ఎచ్చటనో ముందుగా పంచుకొనుట అవసరము.

గాలివాన వేరు. 2025 అక్టోబరు 28 రాత్రి మోంథా తుఫాను నరసాపురము ప్రాంతమున తీరము దాటినది. అట్టి గాలిలో పరదా కట్టిన బండి తెరచాప ఎత్తిన పడవయగును. తుఫాను హెచ్చరిక వచ్చిన వెంటనే పరదాను, వెదురు బద్దలను తీసివేయుడు. తడిసినను చింతలేదు, ఆరును. తేలిక బండిని నాలుగు మూలల మోకులతో కట్టవలెను. మేకులు పాతినచో నానిన బంకనేలలో ఊడివచ్చును. మూడడుగుల లోతున గొయ్యి త్రవ్వి, తాటి మొద్దు ముక్కను అడ్డముగా పూడ్చి, దానికి మోకు కట్టినచో గాలి కదపలేదు. ఈ నాలుగు గోతులును అరుగు వేయునాడే త్రవ్వించుట తెలివి.

ఎంత చేసినను బండి మునిగినదనుకొనుడు. నీరు తీసిన వెంటనే తాళము త్రిప్పి చూడవలెనని అందరికిని చేయి తహతహలాడును. త్రిప్పవలదు. ఇంజనులో నీరుండగా త్రిప్పినచో కడ్డీలు వంగును, అప్పటివరకు బాగుచేయదగిన ఇంజను అక్కరకు రాకుండ పోవును. బ్యాటరీ తీగలు విప్పి, నూనె తీసివేసి, మంచినీటితో కడిగి, మేస్త్రీకి చూపుడు. లిథియం బ్యాటరీ మునిగినచో దానిని ఛార్జి చేయకుడు, ఇండ్లకు దూరముగా ఆరుబయట ఉంచుడు. కొన్ని దినముల తరువాత కూడ అది అంటుకొనవచ్చును.

చట్టమును గురించి ఒక్క మాట. కూర్చిన బండిని దాచుకొనుటకు ఆటంకము లేదు, రోడ్డున నడపుటకు కలదు. 1988 నాటి మోటారు వాహనముల చట్టము 52వ సెక్షను ప్రకారము, రిజిస్ట్రేషను పత్రమునందలి వివరములకు భిన్నముగా బండిని మార్చరాదు. మోటారు సైకిలునకు తొట్టి అతికిన రైతు ఈ సంగతి తెలిసికొనవలెను; ప్రమాదము జరిగినప్పుడు బీమావారు మొదట అడుగునది ఇదే. స్వయముగా కూర్చిన కారునకు రిజిస్ట్రేషను లేనిదే బజారున తీయరాదు. విద్యార్థుల ఉత్సాహమును అణచుట మా అభిమతము కాదు; కళాశాల ఆవరణలో వారు ఎంతయైన నడపుకొనవచ్చును.

పంచాయతీ బండియైనచో ఆస్తుల రిజిస్టరులో చేర్చుటతో పని ముగియలేదు. ‘అందరి బండి’ అన్నప్పుడు పరదా విప్పి ఆరబెట్టువాడు ఎవడును ఉండడు. బండి తోలు కార్మికునికిగాని కార్మికురాలికిగాని ఆ బాధ్యతను పేరుతో అప్పగించి, అందుకు పట్టు కాలమును వారి పనివేళలలోనే లెక్కింపుడు. పని ముగిసిన పిమ్మట ఊరకనే చేయుమనుట న్యాయము కాదు, జరుగునదియు కాదు. గ్రీజు, రెడాక్సైడు, మోకులు కొనుటకు ఏటేట కొంత సొమ్మును బడ్జెటులో విడిగా చూపుడు. నెలకొకమారు సమావేశమునకు వచ్చినప్పుడు ఒక సభ్యుడు పోయి, బండి అడుగున చేయిపెట్టి తడి యున్నదో లేదో చూచి, పుస్తకమున వ్రాయవలెను.

తాళపుచెవులు రెండింటిలో ఒకటి కార్మికునియొద్దను, రెండవది కార్యదర్శియొద్దను ఉండవలెను. వరద వచ్చిన రాత్రి కార్యదర్శి ఊరిలో లేనిచో ఆ రెండవ చెవి ఎవరియొద్ద దొరకునో, ఈ సమావేశము ముగియకముందే మీ మీ పంచాయతీలవారు నిర్ణయించుకొనవలెనని కోరుచున్నాము. అరుగు కొలతల పటమును బల్లమీద ఉంచినాము, కావలసినవారు వ్రాసికొనవచ్చును.